సుంకేసులా, సంకేసులా?

మా జేజి తురాయి చెట్టు కింద కూర్చున్నప్పుడల్లా ఒక మాట అనేది: "సుంకేసుల నీడకు సుంకం లేదు..." తర్వాతి సగం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. మాది కర్నూలు దగ్గర పల్లె. ఎవరైనా విన్నారా?

ప్రొద్దుటూరు మాస్టారు: తురాయి అయితే అది సీమసుంకేసుల. ఉత్త సుంకేసుల వేరు, తెల్లగా పూసి పసుపుకు తిరుగుతుంది. కీళ్ళనొప్పులకు ఆకు కడతారు, అందుకే వాతనారాయణ అనీ పేరు. జేజి ఏ చెట్టు కింద కూర్చుందో ముందు తేల్చండి.

అనంత: సీమసుంకేసుల అంటే మన సీమదేనని ఇన్నాళ్ళూ మురిసిపోయాను!

మాస్టారు: సీమచింతలో ఉన్న సీమే అమ్మా అది. ఓడెక్కి వచ్చిందని. తురాయి పుట్టిల్లు మడగాస్కర్. ఆ తురాయి అన్న మాట కూడా తలపాగా కుచ్చు నుంచి వచ్చిందే. నాలుగు ఎర్ర రేకుల మధ్య మచ్చల రేకు ఒకటి నిక్కి ఉంటుంది, చూడండి.

కేసీ కాలువ గట్టు: కర్నూలు-కడప కాలువ మొదలయ్యే ఊరే సుంకేసుల. తుంగభద్ర దాటేచోట సుంకం కట్టించుకునేవాళ్ళు, అదీ పేరు. చెట్టుకు తర్వాత అంటుకుంది.

మాస్టారు: సుంకం సరే, మిగిలిన "ఏసుల" ఎక్కడిది? చెట్టు పేరుతో ఊళ్ళు లేవా? మా జిల్లాలోనే చింతకొమ్మదిన్నె ఉంది.

ఆదోనివాసి: సుంకులమ్మను మరిచిపోయారే! మా వైపు వీధికో సుంకన్న. అమ్మవారి పేరు పడిన చెట్టనే నా నమ్మకం.

బళ్ళారి రోడ్డు: కన్నడంలో సంకేశ్వర అంటారు. తెలుగులోనూ సంకేశ్వరం ఉంది. "సం" అసలు, "సుం" నోరు తిరిగిన రూపం. అప్పుడు సుంకమూ లేదు, సుంకులమ్మా లేదు.

మాస్టారు: పద్నాలుగు భాషలు వచ్చిన మా కవి పుట్టపర్తి నారాయణాచార్యులవారు ఉండుంటే నిమిషంలో తేల్చేవారు. ఆయన శివతాండవం ఒకసారి గొంతెత్తి చదవండి, సున్నకు ఎంత బరువుందో తెలుస్తుంది.

అనంత: పుట్టింది మా చియ్యేడులో. మొత్తం ప్రొద్దుటూరు ఖాతాలో వేసుకోకండి సార్.

మాస్టారు: పుట్టడం మీది, పద్యం మాది.

జేజి మనవడు: మా చిన్నత్తకు ఫోన్ చేశాను. రెండో సగం ఆమెకూ గుర్తులేదు. మొదటిసారి "సంకేసు" అంది. ఏమన్నావత్తా అని మళ్ళీ అడిగితే "సుంకేసు" అంది.