మీడియావికీ 1.39కి మారాక పెద్ద స్కాన్‌ల థంబ్‌నెయిళ్లు రావడం లేదు

నమస్కారమండి. చెన్నైలోని మా తెలుగు సంఘం వికీని, అది నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో 1.35 నుంచి 1.39కి మార్చాం. సర్వర్ ఉబుంటు 22.04, పీహెచ్‌పీ 8.1. అప్‌డేట్ స్క్రిప్టు లోపం లేకుండా పూర్తయింది.

అసలు బొమ్మ లింకు నొక్కితే తెరుచుకుంటోంది, వ్యాసంలో మాత్రం థంబ్‌నెయిల్ (కుదించిన చిన్న బొమ్మ) తయారీలో లోపమని వస్తోంది. అంటే ఫైళ్లు భద్రం, కుదించే దగ్గరే చిక్కు. ఇమేజెస్ ఫోల్డర్‌కూ లోపలి థంబ్ ఫోల్డర్‌కూ యజమాని వెబ్ సర్వర్ అపాచీ యూజరే, హక్కులు 755. బొమ్మలు కుదించే ఇమేజ్‌మ్యాజిక్ కమాండును అదే యూజర్‌తో విడిగా నడిపితే 300 పిక్సెళ్ల బొమ్మ చక్కగా తయారవుతోంది.

చిన్న ఫొటోలు బాగానే ఉన్నాయి. తాళపత్రాల పీఎన్‌జీ స్కాన్‌లే ఆగుతున్నాయి. మార్చేటప్పుడు థంబ్ ఫోల్డర్ ఖాళీ చేశాం కాబట్టి, పాత కాపీలు ఇన్నాళ్లూ ఈ లోపాన్ని దాచి ఉండొచ్చు.

నా అనుమానం రెండింటి మీద: షెల్ మెమరీ పరిమితి (మీడియావికీ నడిపే బయటి కమాండ్లు వాడుకోగల మెమరీ, డిఫాల్ట్ 307200 కేబీ), కుదించే బొమ్మ సైజుకు ఉన్న 1.25 కోట్ల పిక్సెళ్ల గరిష్ఠ పరిమితి. వికీ అమరికల ఫైలైన లోకల్ సెట్టింగ్స్‌లో ముందు ఏది పెంచాలి, ఎంతకు? ఏది అడ్డుపడిందో లాగ్‌లో ఎలా తేల్చుకోవాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.