అబ్బాయి క్యాథలిక్, అమ్మాయి హిందువు: గుడి, చర్చి, రిజిస్ట్రారాఫీసు... ఏది ముందు?

కృష్ణాతీరం:
నమస్కారమండీ. అబ్బాయిది గుంటూరు, రోమన్ క్యాథలిక్. అమ్మాయిది ఏలూరు, హిందువు, ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. ఇద్దరికీ 25 దాటాయి. ఎవరూ మతం మారరు. రెండిళ్లవాళ్లూ ఒప్పుకున్నారు. ఒకరోజు గుళ్లో, ఇంకోరోజు చర్చిలో పెళ్లి చేసి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే రెండ్రోజుల్లో తేలిపోతుందంటున్నాడు ఒక ఏజెంటు. నమ్మొచ్చా? పిల్లలకి బారసాల, బాప్తిస్మం రెండూ కుదురుతాయా? అబ్బాయి మేనత్తలు పెంతెకొస్తు సంఘంలో ఉన్నారు, ప్రసాదం ముట్టరు. పండగలప్పుడు అదో ఇబ్బంది.

స్టాంపు పేపరు:
ఏజెంటుకి దండం పెట్టి పంపించేయండి. 1955 హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. సరిగ్గా మీలాంటి కేసే ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది: క్యాథలిక్ అబ్బాయి, హిందూ అమ్మాయి, గుళ్లో పెళ్లి, ఆపైన రిజిస్ట్రేషన్. ఆ పెళ్లి చెల్లదని 2008 డిసెంబరులో కోర్టు తేల్చేసింది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన లాభం లేదు.

మతం మారకుండా చెల్లే దారులు రెండు.

మొదటిది 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. మన దగ్గర సబ్-రిజిస్ట్రారే వివాహాధికారి. నోటీసు ఆఫీసు బోర్డు మీద పెడతారు. మీది రెండు జిల్లాల వ్యవహారం కాబట్టి గుంటూరులో ఇస్తే ఒక ప్రతి ఏలూరు వైపు ఆఫీసుకీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. ఇంటికి పంపాలని మాత్రం చట్టంలో లేదు. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు, కానీ వయసు, బతికున్న జీవిత భాగస్వామి, మతిస్థిమితం, నిషిద్ధ బంధుత్వం లాంటి కారణాలకే. "మతాలు వేరు" అన్నది అభ్యంతరం కిందకి రాదు. గడువు దాటాక ముగ్గురు సాక్షులతో వెళ్లి డిక్లరేషన్ మీద సంతకాలు చేయాలి. అధికారి ముందు "నిన్ను భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నాను" అని ఒకరికొకరు చెప్పుకోవాలి, తెలుగులో చెప్పినా సరే. చాలామంది దెబ్బతినేది గడువు దగ్గరే: నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరక్కపోతే అది రద్దయి, మళ్లీ మొదటికొస్తుంది. ముహూర్తం చూసుకున్నాకే నోటీసు తేదీ వెనక్కి లెక్కేసుకోండి.

రెండోది 1872 క్రైస్తవ వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా చర్చిలో జరిగిన పెళ్లి దీనికింద చెల్లుతుంది. అయితే పెళ్లి చేసేవారికి అధికారం ఉండాలి. క్యాథలిక్ ఫాదర్‌తో ఆ చిక్కు లేదు. స్వతంత్ర సంఘాల పాస్టర్లలో కొందరికి సెక్షన్ 9 లైసెన్సు మాత్రమే ఉంటుంది. దాంతో ఇద్దరూ భారతీయ క్రైస్తవులైన జంటకే సర్టిఫికెట్ ఇవ్వగలరు, మీ జంటకి కాదు. రేపు మేనత్తల సంఘంలో చేద్దామన్న మాట వస్తే ముందు లైసెన్సు చూపించమనండి.

విచారణ వాకిలి:
పై సమాధానం చట్టం వరకు సరే. తిరుసభ (క్యాథలిక్ చర్చి) లెక్క వేరే ఉంది. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందనివారితో పెళ్లికి పీఠాధిపతి (బిషప్) మినహాయింపు లేకపోతే తిరుసభ దృష్టిలో అది పెళ్లే కాదు (చర్చి చట్టంలో కానన్ 1086). దరఖాస్తు విచారణ గురువు (మీ ప్యారిష్ ఫాదర్) ద్వారా వెళ్తుంది. అబ్బాయి కొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రం (సాధారణంగా ఆరు నెలల్లోపుది అడుగుతారు), అమ్మాయికి ఇంతకుముందు పెళ్లి కాలేదన్న రుజువు, మేత్రాసనం (బిషప్ పరిధిలోని డయాసిస్) నడిపే వివాహ శిక్షణ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. పెళ్లికి మూడు నాలుగు నెలల ముందే ఫాదర్‌ని కలవడం మంచిది.

అబ్బాయి ఒక మాట ఇవ్వాలి: తన విశ్వాసం వదలనని, పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించి క్యాథలిక్కులుగా పెంచడానికి శక్తిమేరకు ప్రయత్నిస్తానని. అమ్మాయి ఏ హామీ ఇవ్వక్కర్లేదు, అబ్బాయి ఇచ్చిన మాట ఆమెకి తెలిసుండాలి, అంతే. మతం మారమని ఎవరైనా ఒత్తిడి చేస్తే అది కానన్ చట్టం అడిగేది కాదు. పెళ్లి సాధారణంగా దివ్యబలి పూజ లేకుండా, వాక్య పఠనంతో జరుగుతుంది. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) అమ్మాయికి ఇవ్వరు. ఇది ఆమె వైపు బంధువులకి ముందే చెప్పండి, లేకపోతే అక్కడికక్కడ చిన్నబుచ్చుకుంటారు.

రెండు పెళ్లిళ్ల ఆలోచన దగ్గరే అసలు ముడి. చర్చిలో పెళ్లికి ముందుగానీ తర్వాతగానీ మళ్లీ సమ్మతి ఇచ్చిపుచ్చుకునే ఇంకో మత వివాహం కానన్ 1127 ఒప్పుకోదు. గుళ్లో పూర్తి పెళ్లి చేసి ఫాదర్‌కి చెప్పకపోతే, తర్వాత ఫొటోలు చూసి ఆయనే అడుగుతారు. మంగళసూత్రం చర్చిలోనే కట్టొచ్చు, తెలుగు క్యాథలిక్కుల్లో అది మామూలే.

ఒకవేళ రిజిస్ట్రారాఫీసులో ముందే పెళ్లి చేసుకుంటే ఆ సంగతి ఫాదర్‌కి మొదటిరోజే చెప్పండి. చర్చి పుస్తకంలో రాసే తీరు మారుతుంది.

పంచాంగం పుట:
తేదీల గొడవ ఎవరూ ఎత్తలేదు! మాఘ, ఫాల్గుణాల్లో మంచి ముహూర్తాలుంటే అప్పుడే తపస్సు కాలం (ఈస్టరు ముందు ఉపవాస దినాలు) వచ్చి కూర్చుంటుంది, చర్చిలో పెళ్లి పెట్టడం కష్టం. డిసెంబరులో ఆగమన కాలం (క్రిస్మస్‌కి సిద్ధపడే వారాలు), వెంటనే పుష్యమాసం. ఆషాఢం, భాద్రపదం మనకి కుదరవు. ఈస్టరు దాటిన వైశాఖం, శ్రావణం, నవంబరు చివర్లోపు కార్తీకం రెండు వైపులా కలిసొస్తాయి. మూఢం, అధికమాసం ఏమైనా పడ్డాయేమో ఆ ఏటి పంచాంగంలో చూడండి.

పురోహితుడితో మాట్లాడేటప్పుడు వరుడి గోత్రం ప్రశ్న తప్పదు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే ఆనవాయితీ ఉంది. కొందరు దానికీ ఒప్పుకోరు, కాబట్టి మండపం బుక్ చేయకముందే అడగండి. గుడి కన్నా ఫంక్షన్ హాలు మేలు. పెళ్లయ్యాక తిరుమల వెళ్తే అబ్బాయి డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉంటుంది.

రెండోసారి సమ్మతి కూడదని విచారణ వాకిలి చెప్పిన నిబంధన ప్రకారం చూస్తే పసుపు కొట్టడం, పెళ్లికూతుర్ని చేయడం, గౌరీపూజ, తలంబ్రాలు, పెద్దల అక్షింతలు ఉంచుకోవచ్చు. కన్యాదానం, పాణిగ్రహణం, సప్తపది వదిలేయాలి. జీలకర్ర-బెల్లం మాత్రం సరదా తంతు అనుకోకండి. మన పెళ్లిలో సుముహూర్తమంటే అదే.

విచారణ వాకిలి:
అందుకే జీలకర్ర-బెల్లం సంగతి ఫాదర్ ముందు పెట్టి అడగమంటాను. తంతుల పట్టిక కాగితం మీద రాసి చూపిస్తే ఆయనకీ సులువు.

స్టాంపు పేపరు:
ఎస్సీ సర్టిఫికెట్ విషయం. క్రైస్తవుణ్ణి పెళ్లాడినంత మాత్రాన అమ్మాయి హోదా పోదు. బాప్తిస్మం తీసుకుంటే పోతుంది: 1950 ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. పిల్లల కులం సాధారణంగా తండ్రిదే అనుకుంటారు. తల్లి సమాజంలో పెరిగారని రుజువైతే మారొచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ క్యాథలిక్కులుగా పెరిగిన పిల్లలకి ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదు. బారసాల వల్ల ఏ చిక్కూ లేదు. జ్ఞానస్నానం గురించి నిర్ణయించుకునేటప్పుడు ఇది కూడా కలిపి మాట్లాడుకోండి.

ఆస్తి సంగతి. ప్రత్యేక వివాహ చట్టం కింద హిందువు, క్రైస్తవుడు పెళ్లాడితే వారసత్వం 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలుంటే భార్యకి మూడో వంతు, మిగతాది పిల్లలకి సమానంగా. కొడుకు మీద ఆధారపడ్డ తల్లికి పైసా రాదు. ఇద్దరూ వీలునామా రాసేయండి. ఇంకోటి: అమ్మాయి ఎప్పుడైనా మతం మారితే పుట్టింటి ఆస్తిలో ఆమె హక్కు పోదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు మాత్రం, వారసత్వం తెరుచుకునే నాటికి హిందువులు కాకపోతే, వీలునామా లేని తాతగారి ఆస్తికి వారసులు కారు.

పులిహోర గిన్నె:
మేనత్తల అభ్యంతరం పులిహోర మీద కాదు, నైవేద్యం పెట్టినదాని మీద. నైవేద్యానికి చిన్న గిన్నెలోకి ముందే తీసి, పూజయ్యాక దాన్ని తిరిగి పెద్ద గిన్నెలో కలపకండి. ఇళ్లలో అలవాటుగా కలిపేస్తారు, పేచీ అక్కడే మొదలవుతుంది. పెద్ద గిన్నెలోది దేవుడి దగ్గర పెట్టలేదని చెప్పి వడ్డిస్తే చాలామంది తింటారు. తిననివారికి పండ్లు, పెరుగన్నం ఉంచండి, బతిమాలొద్దు.

పిల్లల జ్ఞానస్నానంలో జ్ఞానతల్లి, జ్ఞానతండ్రిగా నిలబడేవారు 16 ఏళ్లు నిండిన క్యాథలిక్కులై ఉండాలి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది ఉండాలి. అమ్మాయి అన్నయ్యకి ఆ స్థానం ఇస్తామని ఎవరూ ముందుగా మాటివ్వకండి. బారసాలలో ఉయ్యాల దగ్గర మేనమామకి పెద్దరికం ఎలాగూ ఉంటుంది.

అంత్యక్రియల సంగతి కూడా వీలునామాతో పాటు వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. క్యాథలిక్కులకి 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది, కానీ అస్థికలు నదిలో కలపడానికి లేదు. విచారణ సమాధుల తోటలో జ్ఞానస్నానం పొందని భార్యకి చోటు ఇస్తారో లేదో విచారణ ఆఫీసులో ఇప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.