డిజైన్ కోడ్ డేటా ప్రచురణ: పీడీఎఫ్ నుంచి సీఎస్‌వీ దాకా ఎక్కడ తప్పుతుంది?

ప్రశ్న (పటాలపని)

ఇంగ్లండ్‌లోని ఒక కౌన్సిల్ (స్థానిక సంస్థ) డిజైన్ కోడ్ ఇది, అంటే కొత్త కట్టడాలు ఎలా ఉండాలో చెప్పే నియమావళి. 140 పేజీల పీడీఎఫ్, అందులో ఏరియా టైపుల (ఒకే స్వభావం ఉన్న ప్రాంతాల రకాల) పటం, 90 దాకా నియమాలు. జాతీయ ప్లానింగ్ డేటా ప్లాట్‌ఫారమ్ తీసుకునే రూపంలో, అంటే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా పట్టిక ఫైలు) దీన్ని సిద్ధం చేయాలి. సరిహద్దులు బ్రిటిష్ నేషనల్ గ్రిడ్‌లో (బ్రిటన్ సొంత నిర్దేశాంక వ్యవస్థ), షేప్‌ఫైల్‌గా (పటాల డేటా ఫైలు రకం) ఉన్నాయి. నియమాలు ఎక్సెల్‌లో ఎక్కుతున్నాయి. ముందు ఏది సరిచూసుకోవాలి? ఒక నియమం రెండు మూడు ఏరియా టైపులకు వర్తిస్తే వరుసలు ఎలా రాయాలి? బ్రిటన్ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) లైసెన్స్ సంగతేమిటి?

జవాబు 1 (గీతలు_గళ్లు)

మొదట షేప్‌ఫైల్‌ని వదిలించుకోండి. అందులో కాలమ్ పేరు 10 అక్షరాలు దాటదు కాబట్టి డాక్యుమెంటేషన్-యూఆర్‌ఎల్ లాంటి పేర్లు తెగిపోతాయి. గడిలో వచనం 254 అక్షరాలకే ఆగిపోతుంది, వివరణ సగంలో పోతుంది. ఈ పరిమితులు లేని జియోప్యాకేజ్ ఫైలులోకి మార్చి అక్కడే పని చేయండి.

తర్వాత క్యూజీఐఎస్‌లో (ఉచిత పటాల సాఫ్ట్‌వేర్) ఆకృతుల తప్పులు పట్టే చెక్ వాలిడిటీ నడపండి. తనను తానే ఖండించుకునే గీతలుంటే ఫిక్స్ జియోమెట్రీస్ వాడొచ్చు, కానీ ఫలితాన్ని కంటితో చూడాలి. ఆ సాధనం ఒక్కోసారి సన్నటి ముక్కను విడగొట్టి వదిలేస్తుంది. ఆనుకుని ఉన్న రెండు ఏరియా టైపుల మధ్య సందులు, అతివ్యాప్తులు ఉన్నాయేమో విడిగా వెతకండి. పాలిగాన్లను (మూసిన హద్దు ఆకృతులను) ఒక్కొక్కటిగా సింప్లిఫై చేస్తే (బిందువులు తగ్గిస్తే) ఉమ్మడి హద్దు రెండు వైపులా వేర్వేరుగా కదులుతుంది. సందులు పుట్టేది ఎక్కువగా అక్కడే. బిందువులు తగ్గించక తప్పకపోతే ఉమ్మడి హద్దును కాపాడే టోపాలజీ పద్ధతిలోనే తగ్గించండి.

నేషనల్ గ్రిడ్ (ఈపీఎస్‌జీ 27700) నుంచి జీపీఎస్ వాడే అక్షాంశ రేఖాంశాల వ్యవస్థ డబ్ల్యూజీఎస్ 84 (4326)కి మార్చేటప్పుడు ఓఎస్‌టీఎన్15 గ్రిడ్ (ఆర్డ్‌నెన్స్ సర్వే ఇచ్చే కచ్చితమైన మార్పిడి పట్టిక) ఎంచుకున్నారో లేదో చూడండి. ఉజ్జాయింపు హెల్మర్ట్ సూత్రంతో సరిపెడితే కొన్ని మీటర్లు తేడా వస్తుంది. డేటమ్ (భూమి ఆకృతికి వాడే ఆధార నమూనా) మార్పే జరగకపోతే సుమారు 100 మీటర్లు జరుగుతుంది. కోడ్ హద్దు వీధి మధ్యలో నడిచేచోట కొన్ని మీటర్లంటే ఒక ఇల్లు ఇటో అటో. దశాంశ స్థానాలు 6 చాలు, అక్షాంశంలో అది దాదాపు 11 సెంటీమీటర్లు. 15 స్థానాలు రాస్తే ఫైలు బరువెక్కుతుంది తప్ప కచ్చితత్వం పెరగదు.

నిర్దేశాంకాల్లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. తారుమారైతే ఇంగ్లండ్ పాలిగాన్ సోమాలియాకు తూర్పున హిందూ మహాసముద్రంలో తేలుతుంది. క్యూజీఐఎస్ ఎగుమతిలో ఇది అరుదు. పైథాన్‌లో పైప్రోజ్ (నిర్దేశాంకాలు మార్చే లైబ్రరీ) వాడేవాళ్లు ఆల్వేస్ ఎక్స్‌వై సెట్టింగ్ పెట్టడం మరిచిపోతే మాత్రం ఇదే జరుగుతుంది.

ఒకే ఏరియా రెండు విడి ముక్కలుగా ఉంటే అది ఒక వరుసలో ఒక మల్టీపాలిగాన్ (చాలా ముక్కల పాలిగాన్). అదే రిఫరెన్స్‌తో (వరుస గుర్తింపుతో) రెండు వరుసలు రాయకండి.

జవాబు 2 (నిబంధన)

నియమాల పట్టికకు పెద్ద ముప్పు ఎక్సెలే. 3.10 అని కొడితే సంఖ్య అనుకుని 3.1 చేస్తుంది, అప్పుడు రెండు వేర్వేరు నియమాలకు ఒకే రిఫరెన్స్. 3-10 అని కొడితే అక్టోబర్ 3 అవుతుంది. అందుకే కాలమ్‌లు ముందే టెక్స్ట్‌గా పెట్టాలి, రిఫరెన్స్‌కు అక్షరాల ముందుభాగం తగిలించాలి. తేదీలు సంవత్సరం-నెల-రోజు వరుసలో, ఉదాహరణకు 2025-03-14. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే రోజు ముందుకు వచ్చేస్తుంది. జియోమెట్రీ (హద్దు బిందువుల) కాలమ్ ఉన్న సీఎస్‌వీని అసలు ఎక్సెల్‌లో తెరవనేవద్దు: ఒక గడిలో 32,767 అక్షరాలే పడతాయి, పెద్ద పాలిగాన్ తోక తెగిపోతుంది. సేవ్ చేసేది యూటీఎఫ్-8 అక్షర సంకేతంలో. లేదంటే పౌండ్ గుర్తు, పొడవు గీతలు పిచ్చి అక్షరాలవుతాయి.

ఒక నియమం, ఒక వరుస. "మూడంతస్తులకు మించరాదు, ముందు గోడ వీధి రేఖకు ఆనుకోవాలి" అన్న వాక్యంలో రెండు నియమాలున్నాయి, విడదీయండి. కానీ మాటలు మార్చకండి. "తప్పనిసరి" అన్న చోట తప్పనిసరే, "ఉండటం మంచిది" అన్న చోట అదే. దరఖాస్తు నిర్ణయంలో ఈ రెండింటి బరువు ఒకటి కాదు. పీడీఎఫ్‌లో కేవలం బొమ్మగా ఉన్న నియమానికి డేటా తయారుచేసేవాళ్లు సొంతంగా వాక్యం రాయకూడదు, డిజైన్ అధికారి రాసి ఆమోదించాలి. వర్గాలకు 2021 నాటి నేషనల్ మోడల్ డిజైన్ కోడ్‌లోని పది లక్షణాలు (కాంటెక్స్ట్, మూవ్‌మెంట్, నేచర్ వగైరా) సరిపోతాయి.

మూడు ఏరియా టైపులకు వర్తించే నియమాన్ని మూడుసార్లు రాస్తే, సవరణ వచ్చిన రోజు రెండు మారి ఒకటి పాతదే మిగులుతుంది. నియమం ఒక్కసారే ఉండాలి, దాని నుంచి ఏరియా టైపుల రిఫరెన్సులకు లింకు ఉండాలి. ఏరియాల పట్టికలో ప్రతి పాలిగాన్ తన టైపును చెబుతుంది. నియమాన్ని నేరుగా పాలిగాన్‌కు కట్టకండి.

జవాబు 3 (హద్దురాయి)

లైసెన్స్ గురించి. సరిహద్దు దేని మీద గీశారన్నదే ముఖ్యం. ఓఎస్ వివరమైన పటం మాస్టర్‌మ్యాప్ గీతలను అనుసరించి ఉంటే అది ఓఎస్ నుంచి పుట్టిన డేటా. కౌన్సిళ్లకు 2020 ఏప్రిల్ 1 నుంచి ఉన్న పబ్లిక్ సెక్టర్ జియోస్పేషియల్ అగ్రిమెంట్ కింద 'ప్రిజంప్షన్ టు పబ్లిష్' అనే దారి (ఓఎస్ నుంచి పుట్టిన డేటాను ప్రచురించుకునే విధానం) ఉంది. ఎవరైనా వాడుకోవచ్చనే ఓపెన్ గవర్నమెంట్ లైసెన్స్ పెట్టే ముందు అది పూర్తి చేయండి. గూగుల్ ఉపగ్రహ చిత్రం మీద గీసిన గీత ఉంటే తీసేసి మళ్లీ గీయడమే మేలు.

పటాలపని

కృతజ్ఞతలండీ. ఎంట్రీ-డేట్, స్టార్ట్-డేట్ కాలమ్‌లు రెండూ ఆమోదం తేదీయేనా? ఫైలు ఎక్కడ పెట్టాలి?

గీతలు_గళ్లు

కాదు. స్టార్ట్-డేట్ అంటే కోడ్ అమల్లోకి వచ్చిన రోజు. ఎంట్రీ-డేట్ అంటే ఆ వరుసను చివరగా మార్చిన రోజు. ఎండ్-డేట్ (అమలు ముగిసిన రోజు) ఇప్పుడు ఖాళీ. కోడ్ సవరించినప్పుడు పాత వరుసకు ఎండ్-డేట్ వేసి, కొత్త రిఫరెన్స్‌తో కొత్త వరుస చేర్చండి. పాత రిఫరెన్స్‌ను దేనికీ మళ్లీ వాడకండి, వరుసను తుడిచేయకండి. ఏళ్ల కిందటి నిర్ణయం దాని మీదే నిలబడి ఉండొచ్చు.

డాక్యుమెంటేషన్ లింకు కోడ్ గురించి వివరించే వెబ్ పేజీకి వెళ్లాలి, డాక్యుమెంట్ లింకు పీడీఎఫ్‌కు. చాలామంది రెండింట్లోనూ పీడీఎఫ్ పెడతారు. ఆ పేజీలోనే ఓపెన్ లైసెన్స్ వాక్యం కూడా ఉంచండి.

ఫైలు చిరునామా మారకూడదు. ప్లాట్‌ఫారమ్ రోజూ రాత్రి అదే చిరునామా నుంచి డేటా తీసుకుంటుంది కాబట్టి ఫైలు పేరులో తేదీ పెట్టొద్దు. ఆర్క్‌జీఐఎస్ (పటాల సాఫ్ట్‌వేర్) సర్వీస్ లింకు ఇస్తే గరిష్ఠ రికార్డుల పరిమితి చూడండి. పరిమితి దాటిన వరుసలు ఎర్రర్ లేకుండానే ఆగిపోతాయి. కాబట్టి లింకు ద్వారా వచ్చిన వరుసలు లెక్కపెట్టి, మూలపు పట్టికతో పోల్చండి.

నిబంధన

ఒకటి మరిచాను: కోడ్ ఏరియాలు కన్సర్వేషన్ ఏరియా (వారసత్వ రక్షిత ప్రాంతం) మీదుగా వెళ్తే అక్కడ మీ ఏరియాను కోసేయకండి. కన్సర్వేషన్ ఏరియా వేరే డేటాసెట్, అతివ్యాప్తి అక్కడ తప్పు కాదు.