మూత అంటుకుపోయింది: తప్పు వార్నిష్‌దా, ఎండదా?

బైరాగిపట్టెడ_బ్రష్
ఎండీఎఫ్ పెట్టె, 8 × 6 × 4 అంగుళాలు. వెనక రెండు బందులు, ముందు కొక్కెం. మూత మీద రెక్కలు విప్పిన డ్రాగన్, దాని తోక మెలికలో అమ్మాయి పేరు. చేత్తో వేసిన పెట్టె. పైన వాటర్ బేస్ గ్లాసీ వార్నిష్ మూడు పూతలు. ఆర్డర్ ఇచ్చినవాళ్ళు కారు వెనకద్దం కింద పెట్టుకుని చిత్తూరు పోయినారు. కారు రెండు గంటలు ఎండలో నిలబడింది. తీసి చూస్తే మూత రావడం లేదు. రవ్వంత లాగితే ముందు అంచు దగ్గర రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడింది, కింద తెల్లగా నూగు కనబడతా ఉంది. మిగతా రెండు పక్కలా ఇంకా అతుక్కునే ఉంది. నా లెక్కన తప్పు వాటర్ బేస్‌దే. ఆయిల్ పాలియురెథేన్ వార్నిష్‌కి మారిపోదామా? పని తెలిసినోళ్ళు చెప్పండి.

పలమనేరు_పిల్లోడు
మే నెలలో కారు వెనకద్దం కింద లడ్డూ పెట్టినా అతుక్కుంటుంది అన్నా.

పూతలక్క
వార్నిష్‌ని తిట్టే ముందు అది ఎట్ట ఆరుతుందో చూడు. యాక్రిలిక్ అంటే నీళ్ళలో తేలే సన్నసన్న ప్లాస్టిక్ గుళ్ళు. నీళ్ళు ఎగిరిపోయాక ఆ గుళ్ళు ఒకదానికొకటి అంటుకుని పొరవుతాయి. మన గది వేడికే అట్ట అంటుకోవాలంటే అవి మెత్తగా ఉండాల్సిందే. ఆ మెత్తదనం ఆరిన తర్వాతా పోదు. రంగూ అదే, వాటర్ బేస్ వార్నిషూ అదే. బయట 40 డిగ్రీలుంటే మూసిన కారులో 60 దాటుతుంది. ఆ వేడిలో రెండు యాక్రిలిక్ ముఖాలు బరువు కింద ఆనుకుని ఉంటే రెండూ కలిసి ఒకే పొరవుతాయి.

కాబట్టి మూత కూర్చునే అంచుకి రంగు వెయ్యకూడదు, వార్నిష్ వెయ్యకూడదు. పెట్టె పై అంచు, మూత కింది అంచు, రెండిటికీ మాస్కింగ్ టేపు వేసి మొదలుపెట్టాలి. చివర్లో టేపు తీసి ఆ అంచులకి లక్క పాలిష్ ఒక్క చెయ్యి. పూతలయ్యాక పెట్టె మూత తెరిచే 21 రోజులు ఆరబెట్టాలి. చేతికి అంటకపోతే ఆరినట్టే అనుకోవద్దు. పైన అరగంటలో ఆరుతుంది, లోపలి తేమ వారాల తరబడి పోతానే ఉంటుంది.

ఎన్ని రోజులు ఆరబెట్టినావు?

ఉలి_సుత్తి
అసలు ఎండీఎఫ్ ఎందుకు సామీ? అది చెక్కేనా? చెక్కపీచుకి జిగురు పోసి నొక్కిన అట్ట. కోసిన అంచులు స్పాంజిలాగా తాగుతాయి. జెస్సోలో, అంటే రంగుకి ముందు పూసే తెల్ల పూతలో, నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బితే మూత బిగుస్తుంది. ఇది అంటుకోవడం కాదు, బిగుసుకోవడం.

బైరాగిపట్టెడ_బ్రష్
ఉలి అన్నా, అంచులకి ఫెవికాల్ సగం, నీళ్ళు సగం కలిపి రెండు పూతలు కొట్టినా. ఆరినాక 220 ఉప్పుకాగితం, తర్వాత 320. ఉబ్బలేదు.
పూతలక్కా, నాలుగు రోజులు ఆరింది. ఆర్డర్ వచ్చిందే ఆరు రోజుల ముందు. 21 రోజులంటే పుట్టినరోజు మల్లా వచ్చే ఏటికే.

ఉలి_సుత్తి
ఫెవికాలూ వేడికి మెత్తబడేదే. వేపో, మామిడో, కనీసం రబ్బర్‌వుడ్డో పట్టు. టేకు మాత్రం వద్దు, దాంట్లో నూనె ఉంటుంది, ముందు స్పిరిట్‌తో తుడవకపోతే రంగు పట్టదు. మూతకీ పెట్టెకీ మధ్య సందు కూడా చూడాలి. లోపలికి దిగే మూతయితే ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు వదలాలి. జెస్సో రెండు, రంగు రెండు, వార్నిష్ మూడు, మొత్తం ఏడు పూతలు. పూత 40 మైక్రాన్లనుకో, ఒక ముఖానికి 280. ఎదురు ముఖానికి ఇంకో 280. అర మిల్లీమీటరు రంగే తినేసింది. నువ్వు కొనే రెడీమేడ్ పెట్టెలో అంత సందు ఉండదు.

పలమనేరు_పిల్లోడు
ఎర్రచందనం పెట్టె మీద వేస్తే రాజసంగా ఉంటుంది కదా?

ఉలి_సుత్తి
కాయితాలు లేని ఎర్రచందనం ముట్టుకుంటే పెట్టె కాదు, నువ్వు లోపలికి పోతావు. పైగా దాని ఎరుపు స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్‌లో కలిపే లక్క పాలిష్ కొడితే గుడ్డకంతా ఎరుపే. తెల్ల గుర్రం వేసినావంటే సాయంత్రానికి గులాబీ గుర్రం.

కలంపట్టు_కాళహస్తి
ఎవరూ అడగకపోయినా నేను అడుగుతా. డ్రాగన్ ఎందుకు? మన విజయనగరం మండపాల స్తంభాల నిండా సింహంలాంటి యాళులు ఉన్నాయి, మకరాలు ఉన్నాయి. అచ్యుతదేవరాయల నాణెం మీద గండభేరుండం అనే రెండు తలల పక్షి ఏనుగులను ముక్కుల్లో, గోళ్ళలో పట్టుకుని ఉంటుంది. ఇంతకంటే వింతజంతువు ఎవరికి కావాలి? రెండు తలలు చెరో వైపు చూస్తాయి కాబట్టి రెండు పేర్లు రాసే పెళ్ళి పెట్టెకి అచ్చంగా సరిపోతుంది. మూతకి నట్టనడుమ కూర్చుంటుంది కూడా. డ్రాగన్‌కి తోక యాడ పెట్టాలో తెలియక పేరు చుట్టూ చుడతారు.

బైరాగిపట్టెడ_బ్రష్
అమ్మాయి డ్రాగన్ అడిగింది సామీ. గండభేరుండం వేసిస్తే "ఇదేంది, రెండు తలల కోడి" అంటుంది. ఆయిల్ పాలియురెథేన్ సంగతి చెప్పండి ముందు.

పూతలక్క
నూనెది గాలి పీల్చి లోపల ముడిపడుతుంది, ఆ ముడి వేడికి విడదు. అందుకే మూత అంటుకోదు, ఆ మాట నిజం. కానీ పసుపెక్కుతుంది. తెల్లరెక్క ఏడాదికి వెన్నరంగుకి దిగుతుంది, నీలం పొలుసులు పచ్చబడతాయి. ఎరుపు, నలుపు, బంగారు డ్రాగన్‌కి అయితే ఫరవాలేదు. ఒక్కో పూతకీ రోజు ఆగాలి. కింద యాక్రిలిక్‌లో తేమ మిగిలుండగా పైన నూనె మూస్తే పొర మసకబారుతుంది. అంటే నీ ఆరు రోజుల్లో అదీ కుదరదు.

తొందరకి పాలిష్ చేసేవాళ్ళ దగ్గర ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, అంటే తొందరగా ఆరే థిన్నర్ పాలిష్, తెచ్చి బ్రష్‌తో మాత్రం కొట్టొద్దు. దాని థిన్నర్ యాక్రిలిక్‌ని కరిగిస్తుంది. కన్ను గీత చెంప మీదికి కారిపోతుంది. కొట్టాలంటే స్ప్రే చెయ్యాలి, పొగమంచులాగా పల్చగా, పదేసి నిమిషాలు ఆగి నాలుగైదు సార్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తడిగాలిలో అదీ తెల్లగా పొగబారుతుంది.

మధ్యేమార్గం చెప్తా. గ్లాసీ రెండు పూతలు, చివరగా మ్యాట్ ఒక్కటి. మ్యాట్‌లో ఉండే సన్న సిలికా పొడి ముఖాన్ని గరుకు చేస్తుంది, అతుకు తగ్గుతుంది. మ్యాటే మూడు పూతలు కొడితే నలుపు మీద పాలు పోసినట్టుంటుంది, జాగ్రత్త.

చంద్రగిరి_చుక్క
అంచుకి కొవ్వొత్తి రుద్దితే చాలదా? మా ఇంట్లో బీరువా సొరుగులకి అదే.

పూతలక్క
కొవ్వొత్తి మైనం 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది చెల్లీ. ఆ కారులోనైతే కరిగి బొమ్మ మీదికి కారేది. ఇంట్లో ఉండే పెట్టెకి తేనెమైనం పల్చగా రుద్దొచ్చు. అన్నిటికంటే సులువు, అల్మారా తలుపులకి అతికిస్తారే, ఆ పారదర్శకపు సిలికాన్ చుక్కలు. మూత నాలుగు మూలలా నాలుగు. అంచుకి అంచు తగలనే తగలదు.

బైరాగిపట్టెడ_బ్రష్
అది పనికొచ్చే మాట.

ఉలి_సుత్తి
చుక్కలు పెట్టి మూత ఎత్తితే సందులోంచి వెలుతురు కనబడుతుంది. పనోడు చేసిన పెట్టె కాదు అది.

పూతలక్క
పై మాటలన్నీ రాసినాక నీ మొదటి పోస్ట్ మల్లా చదివినా. "కింద తెల్లగా నూగు" అన్నావు. జెస్సో ఊడితే సుద్దపెచ్చులాగా విరుగుతుంది, నూగు రాదు. ఎండీఎఫ్ చిరిగితే గోధుమరంగు పీచు. తెల్ల నూగు వచ్చేది ఒక్క కాగితానికే. బ్రష్ తమ్ముడూ, మూత మీద కాగితం అతికించినావా?

పలమనేరు_పిల్లోడు
అయ్యబాబోయ్.

బైరాగిపట్టెడ_బ్రష్
ఉంది. అయితే ఏంది? లేజర్ ప్రింట్, పల్చని కాగితం. ఫెవికాల్ మూడు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు. దాని మీద నీడలు నేనే వేసినా, ప్రతి పొలుసుకీ సున్నా నంబర్ కుంచెతో మెరుపు నేనే పెట్టినా, పేరు నేనే రాసినా. మూడు గంటలు చెయ్యి ఆడింది.

పూతలక్క
అదీ సంగతి! మూతని పట్టుకున్నది ఒక్క వార్నిషే కాదు. కాగితం కింద, కాగితంలోపల, అంచు మడత మీద అంతా ఫెవికాలే. 60 డిగ్రీల్లో అది బంక. అందుకే పెచ్చు రంగు దగ్గర విడిపోకుండా కాగితం మధ్యలో చిరిగింది. ఇంత సేపు నేను వార్నిష్ గురించి పాఠం చెప్తా ఉంటే గమ్మునున్నావే?

బైరాగిపట్టెడ_బ్రష్
నేను వార్నిష్ గురించే అడిగినా కాబట్టి.

పూతలక్క
నువ్వు మొదటి పోస్ట్‌లో రాసింది "చేత్తో వేసిన పెట్టె". ఆ అమ్మాయి వాళ్ళకీ అదే చెప్పినావా లేదా? కాగితం బొమ్మ అతికించే ఈ పనికి డికూపాజ్ అని పేరుంది, తప్పు పనేమీ కాదు. ఆ పేరుతో అమ్ము. జనం ప్రింట్ పెట్టెని 700కి చేత్తో వేసినదనుకుని కొంటారు. తర్వాత నా దగ్గరికొచ్చి, పెన్సిల్ గీత నుంచి పద్నాలుగు గంటలు పట్టే బొమ్మకి 2,500 అంటే "తిరుపతిలో 700కే ఇస్తా ఉండారు" అంటారు. నాలుగేళ్ళుగా ఈ మాట వింటా ఉండా.

బైరాగిపట్టెడ_బ్రష్
ఇప్పుడు బయటికొచ్చింది. వార్నిష్ కాదు, నా 700 నీకు గుచ్చుకుంటా ఉంది. సరే అక్కా, ఒక మాట అడుగుతా. నువ్వు ట్రేసింగ్ పేపర్ వెనక సుద్ద రుద్ది బొమ్మ దించుతావు కదా? ఆ గీత నీదా? నెట్‌లో దొరికిన రెక్కని దించి రంగు నింపితే అది చేత్తో వేసినట్టు, నేను ప్రింట్ అతికించి రంగు వేస్తే దొంగతనం. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, దాన్నీ కలంకారీ అనే అంటారు. వాళ్ళనీ తిట్టు.

కలంపట్టు_కాళహస్తి
పెడన వాళ్ళని మధ్యలోకి లాగొద్దు. వాళ్ళు అచ్చు అని చెప్పే అమ్ముతారు. వాళ్ళ మచిలీపట్నం కలంకారీ వేరు, మా శ్రీకాళహస్తి కలంకారీ వేరు, రెండిటికీ భౌగోళిక గుర్తింపు కూడా వేరువేరుగానే ఉంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, మా దగ్గరా నేరుగా కలం పెట్టరు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు గీసుకుంటారు.

పూతలక్క
బొగ్గుతో గీసేదీ ఆ చెయ్యే కదా సామీ. సుద్దతో దించితే బయటి గీత ఒక్కటే వస్తుంది. పొలుసు యాడ పెద్దదవ్వాలి, యాడ చిన్నదై మెడ వంపులో కలవాలి, వెలుగు ఎటునుంచి రావాలి, అన్నీ మల్లా నేనే తేల్చుకోవాలి. ముదురు పచ్చ పూత, దాని మీద ఒక్కో పొలుసు అంచుకీ లేత పచ్చ, ఆరాక నీళ్ళలాంటి పల్చని నీలం పూత, చివరగా అభ్రకం పొడి కలిపిన బంగారం. బంగారమూ చూసుకోవాలి, చౌక గోల్డ్ పౌడర్ ఇత్తడి, ఏడాదికి నల్లబడుతుంది. నీ ప్రింట్‌లో ఇవన్నీ ముందే ఉన్నాయి. భూతద్దం పెడితే చుక్కలు కనబడతాయి. నీ పది పెట్టెల్లోనూ డ్రాగన్ ఎడమ కన్ను ఒకే చోట ఉంటుంది.

ఉలి_సుత్తి
ఎండీఎఫ్‌కి కాగితమే సరైన జోడి.

బైరాగిపట్టెడ_బ్రష్
మీరెవరూ ఆరు రోజుల ముందొచ్చిన ఆర్డర్ తీసుకోరు. "రెండు నెలల ముందు చెప్పండి" అంటారు. పిల్ల పుట్టినరోజుకి 700 తీసినోళ్ళకి పెట్టె వద్దా? ఖాళీ పెట్టె 180, రంగులూ వార్నిషూ 90. మిగిలింది మూడు గంటల కూలి. దీంట్లో మోసం యాడుంది?

పూతలక్క
"చేత్తో వేసిన" అనే రెండు మాటల్లో. అవి తీసెయ్, మిగతాదంతా నీ ఇష్టం.

బైరాగిపట్టెడ_బ్రష్
"ప్రింట్ మీద చేత్తో రంగులు" అని రాస్తే 700 కూడా ఇవ్వరు. 400 అంటారు.

పూతలక్క
అదే నేను చెప్పేదీ.

మోడరేటర్
ధరల గొడవ ఇక్కడితో ఆపండి. అడిగింది మూత గురించి.

చంద్రగిరి_చుక్క
అవును, ఆ పెట్టె ఇంకా మూసుకునే ఉంది కదా? దాంట్లో ఏముంది?

బైరాగిపట్టెడ_బ్రష్
వెండి పట్టీలు. వాళ్ళ అవ్వ పెట్టిచ్చింది.

ఉలి_సుత్తి
స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు, ఎండీఎఫ్ అంచు పొరలుగా లేస్తుంది. ముందు వెనక బందుల మేకులు ఊడదీయి. కొక్కెం వదులు చెయ్యి.

పూతలక్క
పెట్టెని ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా చుట్టి ఫ్రిజ్‌లో గంట పెట్టు. ఫ్రీజర్‌లో వద్దు, రంగు పెళుసై పగుళ్ళిస్తుంది. చల్లబడితే బంక గట్టిపడి పట్టు వదులుతుంది. తీసిన వెంటనే, చెమ్మ పట్టకముందే, పళ్ళ సందుల్లో వాడే మైనపు దారం మూల నుంచి దూర్చి రంపం లాగినట్టు అటూ ఇటూ ఆడించు. పైకి లాగొద్దు. వచ్చినాక రెండు అంచుల మీదా కాగితం బ్లేడుతో కోసి పూర్తిగా తీసెయ్, 320 పట్టించు, లక్క పాలిష్ పెట్టు, సిలికాన్ చుక్కలు అతికించు. ఊడిన పెచ్చు దగ్గర ప్రింట్ ముక్క అతికించకు. జెస్సో పూసి ఆ రూపాయి బిళ్ళంత మేరా పొలుసులు నువ్వే వెయ్యి.

బైరాగిపట్టెడ_బ్రష్
దారం దూరింది. ఎడమ పక్క వదిలింది, కుడి మూల ఇంకా పట్టుకునే ఉంది. మల్లా ఫ్రిజ్‌లో పెట్టినా. పొలుసులకి ముందు ముదురు పచ్చ అన్నావు, దాంట్లో నలుపు ఎంత కలపాలక్కా?

పూతలక్క
నలుపు వద్దు, రంగు చచ్చిపోతుంది. పచ్చలో కొంచెం ఎరుపు కలుపు, పది చుక్కలకి ఒకటి.