గర్భంలోని ప్రాణానికి హక్కు ఉంటే, దాని మీద నిర్ణయం ఎవరిది?

కావలి విశ్రాంత ఉపాధ్యాయుడు:

సభ్యులందరికీ నమస్కారం. గర్భస్రావం గురించి చట్టం ఏం చెబుతుందన్నది కాదు నా ప్రశ్న. చట్టం అనుమతించినంత మాత్రాన అది న్యాయమవుతుందా అని అడుగుతున్నాను. రెండు నెలల కిందట మా తమ్ముడి కోడలికి ఒంగోలులో ఐదో నెలలో, బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ తీశారు. బిడ్డ గుండెలో లోపం ఉందని, పుట్టాక ఆపరేషన్ చేస్తే బతికే అవకాశం ఉంది కానీ హామీ ఇవ్వలేమని డాక్టరు చెప్పారు. నాలుగు రోజులు తిరగకుండానే మా వాళ్లు ఆ గర్భం తీయించేశారు. మా తమ్ముడు చూపించిన స్కాన్ బొమ్మలో ఆ బిడ్డ చెయ్యి స్పష్టంగా కనిపించింది; పిడికిలి సగం తెరిచి ఉంది, వేళ్లు లెక్కపెట్టగలిగాను.

ఇదే లోపం ఆరేళ్ల పిల్లవాడికి ఉందని తెలిసి ఉంటే అప్పు చేసైనా ఆపరేషన్ చేయించేవాళ్లం, చెన్నై దాకా మోసుకుపోయేవాళ్లం. పుట్టక ముందు తెలిసేసరికి ఆ లోపమే బిడ్డ బతకకూడదనడానికి కారణమైపోయింది. మన ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాతకాల్లో చేర్చాయి. సీమంతం చేసి గాజులు తొడిగేది కడుపులో ఒక మనిషి ఉన్నాడన్న నమ్మకంతోనే కదా. తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, అత్యాచారం వల్ల గర్భం వచ్చినప్పుడు నేను వాదించను. మిగిలిన సందర్భాల్లో మాత్రం గుండె కొట్టుకోవడం మొదలైన ప్రాణాన్ని ముట్టుకోకూడదని, ఒకవేళ తప్పనిసరైతే భర్త సంతకం కూడా ఉండి తీరాలని నా అభిప్రాయం. అది ఇద్దరి బిడ్డ.

ఒంగోలు న్యాయవాది:

మాష్టారూ, మీ బాధ అర్థమైంది. అయితే మన దేశంలో గర్భస్రావం ఈ రోజుకీ హక్కుగా రాసిపెట్టి లేదని ముందు గమనించాలి. అది నేరం, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ ప్రకారం ఆ తల్లి కూడా శిక్షార్హురాలే. 1964లో ఏర్పడిన శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల మీద 1971లో వచ్చిన చట్టం ఆ నేరానికి కొన్ని మినహాయింపులిచ్చింది. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక డాక్టరు, 20 నుంచి 24 వారాల వరకు కొన్ని వర్గాల మహిళల విషయంలో ఇద్దరు డాక్టర్లు అవసరమని భావిస్తేనే చేయవచ్చు. 24 వారాలు దాటాక, శిశువుకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. పెళ్లికాని మహిళలను ఆ 24 వారాల వెసులుబాటు నుంచి తప్పించడం తగదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది.

మీ ప్రశ్న కోర్టును కూడా వేధించింది. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భాన్ని తీయించుకోవడానికి అనుమతి అడిగారు. చంటిబిడ్డకు పాలిస్తూ ఉండటంతో నెలసరి రాక, గర్భం సంగతి ఆమెకు ఆలస్యంగా తెలిసింది. మొదట అనుమతించారు, తర్వాత ఆ శిశువు బతికే దశలో ఉందని ఎయిమ్స్ డాక్టరు తెలియజేయడంతో ఇద్దరు మహిళా న్యాయమూర్తులు చెరో అభిప్రాయం రాశారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. కాబట్టి మన చట్టం ఆ ప్రాణాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదనడం సరికాదు.

గుండె చప్పుడునే గీతగా పెట్టుకుంటే ఏమవుతుందో ఐర్లాండులో చూశాం. 2012లో మన దేశపు దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు 17వ వారంలో గర్భం నిలవదని తేలిపోయినా, శిశువు గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆమె అడిగిన గర్భస్రావం చేయలేదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ఆమె చనిపోయారు. 2018లో ఆ దేశ ప్రజలు ఓటు వేసి, అందుకు ఆధారమైన రాజ్యాంగ నిబంధనను తీసివేశారు. తల్లి ప్రాణానికి మినహాయింపు అప్పట్లో అక్కడా ఉండేది. అది ఎప్పుడు వర్తిస్తుందో తేల్చుకోలేకనే ఆలస్యం జరిగింది.

ఉదయగిరి వైపు ఏఎన్ఎం:

మాష్టారూ, కడుపులో ఉన్నది ప్రాణమేనని మీకంటే నేనే ఎక్కువసార్లు విన్నాను. పొట్ట మీద చెవి ఆనించి వినడమే నా పని. ఆ మాటను నేను కాదనను. మీరు చివర రాసిన భర్త సంతకం గురించే నా బాధ. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని 1971 చట్టంలోనే ఉంది. అయినా సంతకం అడుగుతూనే ఉన్నారు.

మా పరిధిలోని ఒక ఊళ్లో జరిగినది చెబుతాను, ఆనవాళ్లు మార్చాను. ఇద్దరు పిల్లలు, చిన్నది ఇంకా పాలు మానలేదు. భర్త చెన్నైలో బేల్దారి పనికి పోయాడు. మూడో నెల దాటాక గాని ఈ అమ్మాయికి గర్భం సంగతి తెలియలేదు. టౌనులో ఒక ఆస్పత్రికి వెళితే భర్త వచ్చి సంతకం పెట్టాలన్నారు. అతను పండక్కి గాని రానన్నాడు. ఆమె మూడు వారాలు ఎదురుచూసి, ఎవరో చెబితే మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగింది. తొలి వారాల్లో, అదీ డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సిన మాత్రలను నాలుగో నెలలో ఇంట్లో మింగితే ఏమవుతుందో అదే అయింది. రాత్రి 108లో నెల్లూరుకు తీసుకుపోతుంటే పక్కన నేనున్నాను. కట్టుకున్న చీర తడిసి స్ట్రెచర్ మీంచి కారుతోంది. ఖాళీ మాత్రల షీటును అత్త కంటపడకుండా కొంగు కొసన ముడివేసుకుని ఉంది. డాక్టరుకు చూపించాలని నేనే విప్పాను. బతుకుతానా అని ఆమె నన్ను అడగలేదు. “సంతకం లేకుండా చేశానని కేసు పెడతారా అక్కా?” అని అడిగింది. రక్తం ఎక్కించాక బతికింది.

మీరంతా వారాలు లెక్కపెడుతున్నారు. ఆ వారాలు ఎక్కడ ఖర్చవుతున్నాయో కూడా లెక్కపెట్టమని వేడుకుంటున్నాను. మొదటే చేసి ఉంటే మూడు వారాల ముందే, డాక్టరు పర్యవేక్షణలో అయిపోయేది. ఇంకొక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ ఇంట్లో ఆ నాలుగు రోజుల్లో మీ కోడలిని ఎవరైనా అడిగారా?

కావలి విశ్రాంత ఉపాధ్యాయుడు:

అమ్మా, సమ్మతి పత్రంలో సంతకం ఆమెదే. అంతకు మించి మీ ప్రశ్నకు ఈ రోజు నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మా తమ్ముడితో వరండాలో గంటసేపు వాదించాను. ఆమె లోపల గదిలో ఉంది.

ఒంగోలు న్యాయవాది:

ఈ సందర్భంలో ఒక మాట. ఆడపిల్లని తెలిసి తీయించే కేసుల్లో కూడా సమ్మతి పత్రంలో ఉండేది తల్లి సంతకమే. ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 ఉంటే 2001కి 927కు పడిపోయారు. 1994లో లింగ నిర్ధారణను నిషేధిస్తూ చట్టం వచ్చినప్పుడు, పరీక్ష చేయించుకున్న స్త్రీని భర్త, బంధువులు బలవంతపెట్టారనే భావించాలని అందులో రాశారు. సంతకం వేరు, ఇష్టం వేరు అని ఆ చట్టం ఒప్పుకున్నట్టే.

కావలి విశ్రాంత ఉపాధ్యాయుడు:

నిన్న ఆదివారం ఒంగోలు వెళ్లాను. గర్భంలోనిది ప్రాణమేనన్న నా నమ్మకం మారలేదు, ఆ బిడ్డను బతకనివ్వాల్సిందనే ఇప్పటికీ అంటాను. భర్త సంతకం గురించి రాసిన మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. కోడలు వంటింట్లో బియ్యం చెరుగుతుంటే, ఆ రోజు నీ మనసులో ఏముందమ్మా అని అడిగాను. చాలాసేపు చేటలోకే చూస్తూ ఉండి, “గుండె ఆపరేషన్ ఎన్నో నెలలో చేస్తారో డాక్టరును అడుగుదామనుకున్నాను మామయ్యా, ఈలోపే అందరూ లేచారు” అంది. అడిగి ఉంటే ఆమె ఏమని తేల్చుకునేదో నేను మళ్లీ అడగలేదు.