చలిదేశంలో కుండీ చెట్లు: ఇంట్లోకి తేవాలా, గ్యారేజీలో నిద్రపుచ్చాలా?

మిర్యాలగూడ మిద్దెతోట:
మా అమ్మాయి వాళ్లు అమెరికాలో, మినియాపోలిస్‌లో ఉంటారు. కుండీల్లో కరివేపాకు, మల్లె, మందారం పెంచుతోంది. అక్కడి నర్సరీలో కొన్న హోస్టా, డే లిల్లీ, ఒక గులాబీ కూడా ఉన్నాయి. సెప్టెంబరు వచ్చిందంటే ఇంట్లో ఇదే గొడవ. అన్నీ లోపలికి తెద్దామని అమ్మాయి, అన్నీ గ్యారేజీలో పెడదామని అల్లుడు. మన దగ్గర చలికాలమంటే పొద్దున పూట స్వెట్టర్ వేసుకోవడమే, కుండీలో మట్టి గడ్డకట్టడం నేనెప్పుడూ చూడలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పచ్చతోరణం:
అన్నీ ఇంట్లోకే తేవాలి అక్కా. ప్రాణమున్న చెట్టును మైనస్ చలిలో ఎట్లా వదిలేస్తాం? దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టి, రోజూ కొన్ని నీళ్లు పోస్తే చాలు.

దేవరకొండ టు అయోవా:
అన్నా, ఆ "అన్నీ" దగ్గరే నాకు అభ్యంతరం. హోస్టా, డే లిల్లీ చలిదేశపు మొక్కలు. చలికాలంలో ఆకు రాలి నిద్రపోతేనే వాటికి బలం. హీటర్ నడిచే హాల్లో పెడితే హోస్టాకు ఆ నిద్ర దొరకదు, ఏటికేడు నీరసించిపోతుంది. మల్లె, మందారం, కరివేపాకుది పూర్తిగా వేరే లెక్క. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగక ముందే వాటిని లోపలికి తేవాలి. ఒక్క రాత్రి గట్టి మంచు పడినా లేత కొమ్మలు నల్లబడతాయి. రోజూ నీళ్లు మాత్రం వద్దు. వెలుతురు తక్కువున్నప్పుడు చెట్టు తాగేది తక్కువ, వేరుకుళ్లు వచ్చేది అందుకే. పైమట్టి ఆరాకే పోయాలి.

హాలియా బత్తాయి తోట:
నేను రైతును, అమెరికా చూడలేదు. కానీ కుండీ సంగతి తెలుసు. మే నెల ఎండకు నల్ల ప్లాస్టిక్ కుండీ వేడెక్కి, అంచునున్న వేళ్లు మాడిపోతాయి. అదే మొక్క నేలలో ఉంటే తట్టుకుంటుంది. చలికీ ఇదే సూత్రం కదా?

దేవరకొండ టు అయోవా:
అదే పెద్దాయనా, అసలు విషయం పట్టుకున్నారు. నేల చలిని మెల్లగా లోపలికి పంపిస్తుంది. కుండీకి చుట్టూ గాలే కాబట్టి బయట ఎంత చలో వేళ్లకూ దాదాపు అంతే. పైగా వేళ్లు కొమ్మలంత చలిని ఓర్చలేవు. ఎక్కడ ఎంత చలో, ఏ మొక్క ఆగుతుందో చూసుకోవడానికి అమెరికాలో ఒక జోన్ మ్యాప్ ఉంది, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. మినియాపోలిస్ అందులో జోన్ 5 కిందికి వస్తుంది. అంటే ఏడాదిలో అతి చల్లటి రాత్రి సగటున మైనస్ 23 నుంచి 29 దాకా పోతుంది. అక్కడ ఏడాదంతా కుండీని బయటే ఉంచాలంటే జోన్ 3 చలికి ఆగే మొక్కనే ఎంచుకోవాలంటారు. లేదంటే కుండీతో సహా నేలలో పాతిపెట్టి పైన ఎండుటాకులు కప్పాలి.

పాలమూరు పచ్చతోరణం:
పాతడానికి జాగా లేకపోతే? గోడవారగా, ఎండ తగిలే చోట పెట్టినా సరిపోతుంది కదా.

దేవరకొండ టు అయోవా:
మన ఊరి అలవాటుతో అందరికీ అట్లాగే అనిపిస్తుంది. కానీ చెరుపు చేసేది ఆ ఎండే. ఫిబ్రవరి, మార్చిలో పగటి ఎండకు మట్టి కరుగుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి వేళ్లు తెగి మొక్క పైకి లేస్తుంది, మట్టి కుండీ అయితే నిలువునా పగులుతుంది. ఉత్తరం గోడ నీడే మేలు. కుండీలన్నీ దగ్గరగా చేర్చి గోనెసంచులు చుట్టండి. పైన మంచు పడితే ఊడ్చేయకండి, అదే దుప్పటి.

గ్యారేజీ విషయంలో అల్లుడు సగం కరెక్ట్. హోస్టా, డే లిల్లీ, గులాబీ ఆకు రాల్చాక అక్కడ పెట్టొచ్చు. ముందు కుండీల పక్కన నేల మీద థర్మామీటర్ పెట్టి చూడండి. సున్నాకు అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. ఇంటికి అతుక్కోని గ్యారేజీ అయితే ఇంకా చాలా కిందికి పోతుంది. నెలకోసారి మట్టి తడిమి, ఎండిపోయి ఉంటే కొన్ని నీళ్లు. చలికే కాదు, ఎండిపోయి కూడా అక్కడ మొక్కలు చస్తాయి.

మిర్యాలగూడ మిద్దెతోట:
కిందటేడు కరివేపాకు ఇంట్లోనే ఉంది తమ్ముడూ. అయినా ఆకంతా రాలింది. చచ్చిపోయిందని అమ్మాయి పారేయబోయింది.

దేవరకొండ టు అయోవా:
పారేసే ముందు గోటితో బెరడు గీకి చూడమనండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఆకు వెనక సన్నటి గూడు, పైన తెల్ల చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే చిన్న పురుగు. హీటర్ పొడిగాలికి అది బాగా పెరుగుతుంది. బాత్రూంలో షవర్ కింద ఆకుల వెనక కడగాలి. నా మాట వింటే కరివేపాకును గడ్డకట్టని చల్లటి బేస్‌మెంట్‌లో, నీళ్లు బాగా తగ్గించి నిద్రపోనివ్వండి. వసంతంలో చిగురేస్తుంది.

పాలమూరు పచ్చతోరణం:
హోస్టా సంగతి ఒప్పుకుంటున్నా. కరివేపాకుకు మాత్రం ఒప్పుకోను. అక్కడ కరివేపాకు కొనాలంటే ఇండియన్ స్టోర్‌కు పోవాలి. మొక్కలకు ఎండ బదులు పెట్టే గ్రో లైట్ కింద పెడితే చలికాలమంతా తాలింపుకు ఆకు దొరుకుతుంది. చెట్టును పెంచుకునేదే అందుకు, ఆర్నెల్లు మోడును చూడటానికి కాదు.

దేవరకొండ టు అయోవా:
లైటు రోజుకు పన్నెండు గంటలకు పైగా వెలగాలి, కుండీ వెచ్చగా ఉండాలి. అది చేయగలిగితే మీ పద్ధతికి నేను అడ్డు చెప్పను. చేయలేనివాళ్లు కిటికీలో పెట్టి సగం నిద్ర, సగం మెలకువలో చెట్టును నలిపేస్తున్నారు, నా బాధ అదే.

మిర్యాలగూడ మిద్దెతోట:
మా వాళ్లది ఇంటికి అతుక్కున్న గ్యారేజీయే. థర్మామీటర్ కొనమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. మల్లె, మందారం ఇంట్లోకి, హోస్టా వాళ్లు గ్యారేజీలోకి. కరివేపాకు గురించి తల్లీకూతుళ్లం ఇంకా మాట్లాడుకోవాలి.