సదహారు ఓ కొట్టిన 868 హోమ్ రన్లను ప్రపంచ రికార్డుగా ఒప్పుకోవచ్చా?

ప్రశ్న:
జపాన్ బేస్‌బాల్ జట్టు యొమియురి జయంట్స్‌కు 1959 నుంచి 1980 వరకు ఆడిన సదహారు ఓ మొత్తం 868 హోమ్ రన్లు (సాధారణంగా బంతిని మైదానం హద్దు దాటించే దెబ్బలు) కొట్టారు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో అత్యధికం బారీ బాండ్స్ కొట్టిన 762. అయినా జపాన్ మైదానాలు చిన్నవనీ, అక్కడి పిచర్లు (బంతి విసిరేవారు) అంత దీటైనవారు కారనీ చెప్పి చాలామంది అమెరికన్లు ఈ సంఖ్యను పక్కన పెడతారు. ఇందులో నిజమెంత? ఆయన ఒంటికాలిపై నిలబడి ఆడే పద్ధతి ఎలా వచ్చిందో కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేము. ఆయన సొంత మైదానమైన కొరాకుఎన్ నిజంగానే చిన్నది. ఆయన వాడిన, రసాయనాలతో గట్టిపరచిన బ్యాట్లను 1981లో నిషేధించారు కూడా. అయితే ఆ సౌలభ్యాలే కారణమైతే అదే కాలంలో జపాన్‌లో ఆడిన ఇతరులు కూడా ఆ దరిదాపులకు రావాలి కదా! రెండో స్థానంలో ఉన్న కత్సుయా నొమురా 657 దగ్గరే ఆగిపోయారు. 1962 నుంచి 1974 వరకు వరుసగా 13 ఏళ్లు తన లీగ్‌లో హోమ్ రన్ల కిరీటం సదహారు ఓదే. పైగా అమెరికా ఆటగాడు హాంక్ ఆరన్ తన 755 హోమ్ రన్లకు 12,364 సార్లు బ్యాటింగ్ చేయగా, ఈయన 868కి చేసినది 9,250 సార్లే. 1974లో కొరాకుఎన్‌లో వీరిద్దరి మధ్య జరిగిన హోమ్ రన్ల ప్రదర్శన పోటీలో ఆరన్ 10-9 తేడాతో గెలిచారని కొందరు గుర్తు చేస్తుంటారు, కానీ ఒక మధ్యాహ్నపు వినోదం దేనికీ రుజువు కాదు. నా దృష్టిలో అది జపాన్ రికార్డు. దాన్ని అమెరికా లెక్కతో కలిపి తూచడమే అనవసరం.

రెండో జవాబు:
ఒంటికాలి పద్ధతి గురించి చెబుతాను. పాఠశాల స్థాయిలో ఆయన పిచర్; 1957 వసంతకాలపు కోషియెన్ టోర్నమెంటును (జపాన్ హైస్కూళ్ల జాతీయ బేస్‌బాల్ పోటీ) వాసెదా జిత్సుగ్యో పాఠశాలకు గెలిపించినది ఆయనే. జయంట్స్‌లో బ్యాటర్‌గా మారాక తొలి మూడేళ్లలో కొట్టిన హోమ్ రన్లు 7, 17, 13 మాత్రమే. 1962లో బ్యాటింగ్ శిక్షకుడిగా వచ్చిన హిరోషి అరకావా, బంతి రాకముందే శరీరం ముందుకు తూలిపోవడమే లోపమని గుర్తించి, కుడికాలు పైకెత్తి ఎడమకాలిపై నిలబడి ఎదురుచూసేలా సాధన చేయించారు. అరకావా ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య నేర్చినవారు కాబట్టి ఆ విద్యలోని నిలకడను ఇందులోకి తెచ్చారు. పైకప్పుకు వేలాడదీసిన కాగితాన్ని కత్తితో కోయించడం కూడా ఆ సాధనలో భాగమే. జూలై 1న ఆటలో మొదటిసారి అలా నిలబడ్డారు, ఆ ఏడాదే 38 హోమ్ రన్లు వచ్చాయి.

మూడో జవాబు:
868 కన్నా నన్ను ఇబ్బంది పెట్టేది ఒక సీజన్‌లో 55 హోమ్ రన్ల రికార్డు. 1964లో ఆయన నెలకొల్పిన ఆ రికార్డుకు 1985లో అమెరికన్ ఆటగాడు రాండీ బాస్ 54తో చేరువైనప్పుడు, సదహారు ఓ శిక్షణలోని జయంట్స్ పిచర్లు ఆడదగిన బంతి వేయకుండా బాస్‌ను పదే పదే మొదటి బేస్‌కు (పరుగు దారిలోని తొలి మజిలీకి) ఊరికే పంపేశారు. 2001లో మరో అమెరికన్ టఫీ రోడ్స్ 55 దగ్గర నిలిచినప్పుడు కూడా సదహారు ఓ నడిపిస్తున్న హాక్స్ జట్టు అదే పని చేసింది. ఆదేశం ఎవరిదైనా, అడ్డుపడినది విదేశీయుల దారికే. చైనా తండ్రికి పుట్టి, జపాన్ పౌరుడు కానందువల్ల 1957లో జాతీయ క్రీడోత్సవంలో ఆడనివ్వని కుర్రవాడి పేరుమీద ఇది జరగడం నాకు మింగుడుపడదు. చివరికి 2013లో యాకుల్ట్ స్వాలోస్ ఆటగాడు వ్లాదిమిర్ బాలెంటిన్ 60 కొట్టి దాన్ని దాటారు.